తలలో ప్రెషర్, కంట్లో చూపు: ఒకే జబ్బు, నాలుగు పేర్లు

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక జబ్బు పేరు గురించి మాట్లాడుకుందాం. దాదాపు నూట ముప్పై ఏళ్లలో డాక్టర్లు ఆ జబ్బుకి నాలుగు పేర్లు పెట్టారు. అందులో ఒక పేరు వింటే మనసుకి హాయిగా ఉంటుంది, ఎందుకంటే దానికి "ప్రమాదం లేనిది" అని అర్థం. ఆ పేరు నడిచిన రోజుల్లోనే కొంతమంది చూపు పోయింది. పేరులో ఏముంది అంటారు కదా, ఈ కథ విన్నాక పేరులో ఏముందో మీరే చెప్పండి.

ముందు జబ్బు ఏంటో చూద్దాం. పుర్రె లోపల ప్రెషర్ పెరుగుతుంది. ట్యూమర్ ఉండదు, ఇన్ఫెక్షన్ ఉండదు, రక్తనాళంలో గడ్డ ఉండదు. స్కాన్‌లో మెదడు మామూలుగానే కనబడుతుంది. ప్రెషర్ మాత్రం ఎక్కువగా ఉంటుంది, అది కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి. ఇప్పటి పేరు ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్. పొట్టిగా ఐఐహెచ్ అందాం. దీన్ని మామూలు బీపీతో కలపకండి. బీపీ రక్తానిది, ఇది మెదడు చుట్టూ ఉండే నీటిది.

ఆ నీటి సంగతి చెప్తాను. పెద్దవాళ్ల పుర్రె గట్టి పెట్టె లాంటిది, సాగదు. అందులో మూడే ఉంటాయి. మెదడు, రక్తం, మెదడు ద్రవం. 1783లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ మన్రో, 1824లో ఆ పక్కనే ఉన్న లీత్ ఊరి సర్జన్ జార్జ్ కెల్లీ చెప్పిన ఆలోచన ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. పెట్టె సాగదు కాబట్టి లోపల ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలి, తగ్గకపోతే ప్రెషర్ పెరుగుతుంది. మెదడు ద్రవం ఏ సమయంలో చూసినా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. కానీ రోజుకి సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా తయారవుతుంది. అంటే పాతది రోజుకి మూడు సార్లకు పైగా బయటికి పోయి రక్తంలో కలవాలి. పోయే దారిలో ఇబ్బంది వస్తే ఏమవుతుందో ఓవర్‌హెడ్ ట్యాంక్ ఉన్న ఇంట్లో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

సరే, ప్రెషర్ తలలో ఉంటే కంటికి ఏంటి సంబంధం? కంటి నుంచి మెదడుకి వెళ్లే నరాన్ని మెదడు నుంచి విడిగా ఊహించుకుంటాం మనం. నిజానికి అది మెదడు సాగి ముందుకు వచ్చిన కొమ్మ లాంటిది. మెదడుని చుట్టిన పొరలే దాన్నీ చుట్టి ఉంటాయి. ఆ పొరల మధ్య అదే ద్రవం కనుగుడ్డు వెనక దాకా వస్తుంది. కాబట్టి తలలో పెరిగిన ప్రెషర్ తిన్నగా కంటి వెనక్కి చేరుతుంది. ఆ నరంలో సుమారు 10 నుంచి 12 లక్షల సన్నని తీగలు ఉంటాయి. నరం కంట్లోంచి బయటికి వెళ్లే చోట గుండ్రటి మచ్చ లాంటిది ఉంటుంది, దాన్ని డిస్క్ అంటారు. ఒత్తిడి పెరిగితే ఆ డిస్క్ ఉబ్బుతుంది. తీగలు ఎక్కువ కాలం నలిగితే చచ్చిపోతాయి. చచ్చిన తీగ మళ్లీ మొలవదు. తలనొప్పి వస్తుంది, పోతుంది. పోయిన చూపు అలా తిరిగి రాదు. ఈ ఎపిసోడ్ మొత్తానికి మూలం ఈ తేడానే.

ఇక చరిత్రలోకి వెళ్దాం. బతికున్న మనిషి కంటి లోపల ఏముందో 1850 వరకు ఎవరికీ సరిగ్గా కనబడలేదు. ఆ ఏడాది చివర కోనిగ్స్‌బర్గ్‌లో ఫిజియాలజీ ప్రొఫెసర్‌గా ఉన్న హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఒక చిన్న సాధనం తయారు చేశాడు. వెలుగుని కంటి లోపలికి పంపి, అదే దారిలో తిరిగొచ్చే వెలుగుని చూసే ఏర్పాటు అది. 1851లో దాని గురించి పుస్తకం వేశాడు. అదే ఆఫ్తాల్మోస్కోప్. ఇప్పటికీ కంటి డాక్టర్ చేతిలో దాని వారసులే ఉంటాయి.

సాధనం దొరికాక దాంతో ఏం చూడాలో తెలిసినవాళ్లు కావాలి. బెర్లిన్‌లో ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె అనే యువ డాక్టర్ 1860లో మెదడులో గడ్డలున్న రోగుల కళ్లలో రెండు డిస్క్‌లూ ఉబ్బి ఉండడం గురించి రాశాడు. పుర్రె కోయకుండానే పుర్రెలో ఏం జరుగుతోందో కంటి కిటికీ లోంచి చూడొచ్చని అప్పుడు తేలింది. ఈ ఉబ్బుకి పాపిలెడీమా అన్న పేరు ఇంకా తర్వాత, 1908లో, ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ పార్సన్స్ పెట్టాడు.

అయితే చూడడం వేరు, కొలవడం వేరు. కొలిచింది కీల్ నగరంలోని హైన్రిఖ్ క్వింకె. 1891లో ఆయన నడుం దగ్గర వెన్నెముకలోకి సూది పెట్టి ద్రవం తీసే పద్ధతిని చూపించాడు. సూదికి గొట్టం తగిలిస్తే అందులో ద్రవం ఎంత ఎత్తుకి ఎక్కిందో అదే ప్రెషర్. ఇవాళ్టికీ అంతే. పడుకోబెట్టి కొలిస్తే, పెద్దవాళ్లలో 25 సెంటీమీటర్లు, ఆ పైన వస్తే ఎక్కువ అంటారు. కొందరిలో ప్రెషర్ ఎక్కువగా ఉంది, కానీ గడ్డా లేదు, ద్రవంలో చీమూ లేదు. 1893లో క్వింకె దానికి సీరస్ మెనింజైటిస్ అని పేరు పెట్టాడు. మెదడు పొరల వాపే, కాకపోతే నీళ్లలాంటిది అని. మొదటి పేరు ఇది. నిజానికి పొరల్లో వాపు లేదు, కాబట్టి పేరు తప్పు. పోనీ, జబ్బు అంటూ ఒకటి ఉందని గుర్తించారు.

1904లో హాంబర్గ్‌లో మాక్స్ నోనె రెండో పేరు పెట్టాడు: సూడోట్యూమర్ సెరెబ్రై, అంటే మెదడులో గడ్డలా నటించే జబ్బు. ఈ పేరు ఇంకా చాలా ఆస్పత్రుల కాగితాల మీద కనిపిస్తుంది. ఈ పేరులో ఒక చిక్కుంది. ఏది కాదో చెప్తుంది గానీ ఏదో చెప్పదు. గడ్డ కాదు అని విన్న రోగి ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్తాడు. డాక్టర్ కూడా ఊపిరి పీల్చుకుంటాడు. కళ్లు మాత్రం అలాగే నలుగుతూ ఉంటాయి.

గడ్డ లేదని ఖాయంగా చెప్పడం అప్పట్లో అంత తేలిక కాదు. సీటీ స్కాన్ 1970ల దాకా రాలేదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ సర్జన్ వాల్టర్ డాండీ 1918లో మెదడు గదుల్లోకి గాలి పంపి ఎక్స్‌రే తీసే పద్ధతి కనిపెట్టాడు. రోగికి నరకమే, కానీ గడ్డ ఉందో లేదో తెలిసేది. ఆ పద్ధతి చేతిలో ఉండడం వల్లే 1937లో ఆయన గడ్డ లేకుండా ప్రెషర్ పెరిగిన 22 మంది రోగుల వివరాలు ఒకచోట పెట్టగలిగాడు. పుర్రె పక్కన ఎముక ముక్క తీసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చేసేవాడు. రోగ నిర్ధారణకి ఇవాళ వాడే నియమాలకి ఆయన పేరు మీదే డాండీ క్రైటీరియా అనేవారు. 2013లో వాటిని కొత్తగా రాశారు.

ఇప్పుడు మూడో పేరు. 1955లో ఇంగ్లండ్‌లో జాన్ ఫోలీ ఈ రోగుల గురించి రాస్తూ బినైన్ అన్న మాట వాడాడు. ఆ మాట స్థిరపడి బినైన్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అయింది. ప్రమాదం లేని ప్రెషర్ అన్నమాట. ఫోలీని తిట్టడానికి ఈ మాట చెప్పట్లేదు. గడ్డ ఉన్నవాళ్లు చచ్చిపోయే రోజుల్లో, ప్రాణానికి ముప్పు లేని జబ్బుని చూస్తే ఏ డాక్టరైనా అదే మాట అంటాడు. ప్రాణం లెక్కలో చూస్తే ఆ మాట నిజమే. చూపు లెక్కలో ఎవరూ చూడలేదు, అంతే.

నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. మా దగ్గర అలర్ట్‌లకి స్థాయిలు ఉండేవి. ఒక సమస్యకి "తక్కువ ప్రాధాన్యం" అని ఒకసారి ముద్ర పడిందంటే ఆ టికెట్‌ని మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. లోపల ఏమవుతున్నా ముద్రే మాట్లాడుతుంది. బినైన్ అన్న మాట ఈ జబ్బు ఫైల్ మీద అలాంటి ముద్ర.

ఆ ముద్ర ఎలా చెరిగిందో చెప్పే ముందు ఒక పాత సమస్య అర్థం కావాలి. చూపు బాగుందో లేదో మనం ఎలా తేలుస్తాం? గోడ మీద అక్షరాల చార్టు. కింది వరస చదివితే 6/6, అంతా బాగున్నట్టే. ఈ జబ్బులో ఆ చార్టు మనల్ని మోసం చేస్తుంది. ఎందుకంటే అక్షరాలు చదివేది చూపు నడిమధ్య ఉండే చిన్న భాగంతో. ఈ జబ్బు సాధారణంగా అంచుల నుంచి తింటుంది. ముందు బ్లైండ్ స్పాట్ పెద్దదవుతుంది, తర్వాత ముక్కు వైపు కింది మూల మసకబారుతుంది. ఒక కంట్లో పోయింది ఇంకో కన్ను పూడుస్తుంది, మిగిలింది మెదడు పూడుస్తుంది. మధ్య చూపు చాలామందిలో చివరి దాకా నిలబడుతుంది. గోదారి గట్టు లోపల నుంచి కోసుకుపోతున్నా పైన రోడ్డు మీద బస్సులు నడుస్తూనే ఉంటాయి చూడండి, అలాగే.

అంచుల చూపు కొలవడం కూడా ఒక చరిత్రే. కోపెన్‌హాగెన్‌లో 1889లో యానిక్ బియెర్రుమ్ అనే డాక్టర్ తన గది తలుపు వెనక భాగాన్నే తెరగా వాడుకున్నాడు. రోగిని దూరంగా కూర్చోబెట్టి, నేరుగా చూస్తూ ఉండమని, చిన్న తెల్లటి గుండుని జరుపుతూ ఎక్కడ మాయమవుతోందో గుర్తుపెట్టుకునేవాడు. 1945లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో హాన్స్ గోల్డ్‌మన్ గిన్నెలాంటి యంత్రం చేశాడు. వెలుగు చుక్క సైజు, కాంతి, వెనక తెలుపు, అన్నీ ఒక లెక్క ప్రకారం. దాంతో ఒక ఊళ్లో చేసిన పరీక్షని ఇంకో ఊళ్లో చేసిన పరీక్షతో పోల్చడం సాధ్యమైంది. తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఇవాళ మీరు గిన్నెలోకి చూస్తూ చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కేది ఆ వంశంలోదే.

ఇక మలుపు 1982లో. అయోవా యూనివర్సిటీకి చెందిన జేమ్స్ కార్బెట్, ఆయన సహచరులు ఒక పని చేశారు. వినడానికి చాలా మామూలు పని. పాత రోగులని తిరిగి చూశారు. 57 మంది. ఐదేళ్ల నుంచి 41 ఏళ్ల దాకా వాళ్లని అనుసరించారు. ఫలితం? 14 మందికి ఒక కంట్లోనో రెండు కళ్లలోనో చూపు తీవ్రంగా దెబ్బతింది. అంటే నలుగురిలో ఒకరు. ఆ 14 మందిలో ఏడుగురికి నష్టం మొదట్లో జరగలేదు. జబ్బు మొదలైన నెలలకి, ఏళ్లకి జరిగింది. బీపీ ఉన్నవాళ్లలో నష్టం ఎక్కువగా కనబడింది.

ఆ పేపర్‌లో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలేది ఆ 41 అన్న అంకె. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఓపికగా తిరిగి చూడడమే. 27 ఏళ్లుగా వేలాడుతున్న "ప్రమాదం లేనిది" అన్న మాట, ఎవరో కూర్చుని ఏళ్ల తరబడి లెక్క వేశాక నిలబడలేదు. 1991లో అదే అయోవా నుంచి మైకేల్ వాల్, డేవిడ్ జార్జ్ 50 మంది రోగులని ముందుకు అనుసరించి చూశారు. గోల్డ్‌మన్ యంత్రంతో జాగ్రత్తగా వెతికితే 96 శాతం మందిలో ఎంతో కొంత అంచు చూపు నష్టం దొరికింది. అందరూ గుడ్డివాళ్లయ్యారని కాదు, చాలా వరకు కొద్దిపాటి నష్టమే, చికిత్సతో చాలామందిలో తగ్గింది కూడా. వెతికే పద్ధతి సరైనదైతేనే నష్టం కనబడుతుందన్నదే విషయం.

నాలుగో పేరు, అంటే ఐఐహెచ్, 1969 నుంచే ఉంది. ఇడియోపతిక్ అంటే కారణం తెలియనిది. ఈ పేరులో ధైర్యం చెప్పే మాట లేదు, భయపెట్టే మాటా లేదు. తెలియంది తెలియదని ఒప్పుకుంది. అయినా పాత పేరు అంత తొందరగా చావలేదు. 2002లో కేంబ్రిడ్జ్ డాక్టర్లు మెదడు సిరలో స్టెంట్ వేసిన మొదటి రోగి గురించి లాన్సెట్‌లో రాసినప్పుడు కూడా శీర్షికలో బినైన్ అనే ఉంది. మందులకు లొంగనంత మొండిగా ఉంది, అయినా పేరు మాత్రం బినైనే!

ఈ కథలో ఒక భారతీయుడు ఉన్నాడు, ఆయన గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. సోహన్ సింగ్ హైరే. పంజాబ్ పల్లెటూరి మనిషి. లండన్ వెళ్లి కోతుల మీద ప్రయోగాలు చేశాడు. మెదడు ద్రవం ఉండే చోట చిన్న బెలూన్ పెట్టి ఉబ్బించి ప్రెషర్ పెంచాడు. రెండు డిస్క్‌లూ ఉబ్బాయి. తర్వాత ఒక కంటి నరం చుట్టూ ఉన్న పొరని కోసి తెరిచాడు. ఆ వైపు ఉబ్బు తగ్గిపోయింది. 1964లో దీన్ని ప్రచురించాడు. తలలో ప్రెషర్ కంటికి ఏ దారిలో వస్తుందన్న వందేళ్ల వాదనకి ఇంత శుభ్రమైన జవాబు అంతకుముందు రాలేదు. పారిస్‌లో డి వెకర్ అనే డాక్టర్ 1872లోనే మనుషుల్లో ఆ పొర కోశాడు గానీ, అది ఎందుకు పనిచేస్తుందో చూపించింది హైరే. చూపు వేగంగా పోతున్నవాళ్లకి ఇవాళ చేసే నరం పొర ఆపరేషన్ వెనక ఈ తర్కమే ఉంది. ఆయన తర్వాత పనిచేసింది కూడా అయోవాలోనే.

ఇక్కడ నా సంగతి ఒక్కమాట చెప్పాలి, ఎందుకంటే కామెంట్లలో "ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నారు" అని ఎలాగూ అడుగుతారు. నాకు మూడేళ్ల క్రితం ఐఐహెచ్ అని తేలింది. 1988లో అయోవా, లూసియానా రాష్ట్రాల్లో వేసిన లెక్క ఒకటుంది. మొత్తం జనాభాలో ఏడాదికి లక్షకి ఒకరి కంటే తక్కువ మందికి వస్తుంది. బరువు ఎక్కువున్న 20 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లలో లక్షకి 19 మందికి. నేను ఆ రెండో గుంపులో దాన్ని. కింద పడిన పెన్ను తీయడానికి వంగి లేచినప్పుడల్లా రెండు మూడు సెకన్లు బూడిద రంగు తెర దిగేది. చెవిలో గుండె చప్పుడు వినిపించేది, ముఖ్యంగా రాత్రిళ్లు. ఒక కళ్లద్దాల షాపులో పరీక్ష చేసి 6/6 అన్నారు, నీరసం అన్నారు. మా అమ్మ మాత్రం "అద్దాలు కాదే, లోపల చూసే డాక్టర్ దగ్గరికి పద" అని లాక్కెళ్లింది. అక్కడ కంట్లో చుక్కలు వేసి చూశాక ఆ డాక్టర్ గారు ఆ రోజే ఎమ్మారైకి రాశారు.

ఇప్పుడు నా బీరువాలో ఒక ఫైల్ ఉంది. ప్రతి విజిట్‌కి మూడు కాగితాలు. ఒకటి ఫీల్డ్ టెస్ట్. రెండు డిస్క్ ఫోటో. మూడు ఓసీటీ స్కాన్. ఓసీటీ అంటే 1991లో బోస్టన్ దగ్గర ఎమ్ఐటీ బృందం లోకానికి చూపించిన పద్ధతి, వెలుగుతో రెటీనా పొరల మందం మైక్రాన్లలో కొలుస్తుంది. ఉబ్బుని సున్నా నుంచి ఐదు దాకా గ్రేడ్లు వేసే పద్ధతి 1982లో స్వీడన్‌కి చెందిన లార్స్ ఫ్రిసేన్ ఇచ్చాడు. అదే 1982 చూడండి, కార్బెట్ లెక్క వచ్చిన ఏడాదే.

మూడు కాగితాలు ఎందుకంటే ఏ ఒక్కటీ పూర్తి నిజం చెప్పదు. ఇది బాగా వినండి. ఉబ్బు తగ్గిందంటే రెండు అర్థాలు ఉండొచ్చు. ప్రెషర్ తగ్గింది, నరం కోలుకుంది, ఇది మంచి వార్త. లేదా ఉబ్బడానికి తీగలే మిగల్లేదు, ఇది చెడ్డ వార్త. ఫోటోలో రెండూ దాదాపు "వాపు తగ్గింది" అనే కనబడొచ్చు. ఫీల్డ్ టెస్ట్, ఓసీటీలో లోపలి కణాల పొర మందం పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఫీల్డ్ టెస్ట్ కూడా ఒక్కసారి చేస్తే సరిపోదు. నిద్ర లేకపోతే, బటన్ తొందరగా నొక్కేస్తే రిపోర్టు పాడవుతుంది. వరసగా నాలుగైదు ఉంటేనే గీత ఎటు పోతోందో అర్థమవుతుంది. అందుకే ఊరు మారినా, ఆస్పత్రి మారినా పాత కాగితాలు పారేయకండి. కొత్త డాక్టర్‌కి మీ కంటే మీ పాత ఫీల్డ్ టెస్ట్ ఎక్కువ చెప్తుంది.

చికిత్స సంగతి. ఎసిటజోలమైడ్ అనే మాత్ర 1950లలో వచ్చింది, గ్లాకోమాకి వాడేవాళ్లు. మెదడు ద్రవం తయారీని తగ్గిస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా తాగితే రుచి చచ్చిపోయినట్టు ఉంటుంది. దశాబ్దాలు వాడారు గానీ గట్టి పరీక్ష 2014 దాకా లేదు. ఆ ఏడాది ఉత్తర అమెరికాలో 165 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. వాళ్లలో 161 మంది ఆడవాళ్లు, సగటు వయసు 29. అందరికీ తక్కువ ఉప్పు, బరువు తగ్గే ఆహారం. సగం మందికి అదనంగా ఆ మాత్ర, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. ఆరు నెలలకి రెండు గుంపుల్లోనూ ఫీల్డ్ బాగుపడింది. మాత్ర వేసుకున్న గుంపులో ఇంకా కొంచెం ఎక్కువ. చూపు దిగజారి చికిత్స విఫలమైన ఏడుగురిలో ఆరుగురు ఉత్తుత్తి మాత్ర వాళ్లు. దీని నాయకుడు, 1991 పేపర్ రాసిన మైకేల్ వాలే.

బరువు సంగతి కూడా కొత్తది కాదు. 1974లో డ్యూక్ యూనివర్సిటీ నుంచి ఒక పేపర్ వచ్చింది, తొమ్మిది మంది రోగులకి రైస్ డైట్. అన్నం అనగానే సంబరపడకండి, మన విందు భోజనం కాదు. కొద్దిగా అన్నం, పండ్లు, ఉప్పు దాదాపు సున్నా. 2010లో బర్మింగ్‌హామ్‌లో 25 మంది ఆడవాళ్లు మూడు నెలలు రోజుకి 425 కిలోకేలరీల డైట్ మీద ఉంటే సగటున 15 కిలోల పైన తగ్గారు, తలలో ప్రెషర్ 8 సెంటీమీటర్లు తగ్గింది. 2021లో 66 మంది మీద చేసిన ట్రయల్‌లో బరువు తగ్గించే ఆపరేషన్, మామూలు డైట్ ప్రోగ్రాం కంటే ప్రెషర్‌ని ఎక్కువ తగ్గించింది. ఇవి డాక్టర్ల పర్యవేక్షణలో చేసినవి. యూట్యూబ్ చూసి 425 కేలరీలు మొదలుపెట్టకండి, నా వీడియో చూసి అసలే వద్దు. ఇంకోమాట, "లావు తగ్గు అన్నీ పోతాయి" అని చుట్టాలు అంటారు. బరువు తగ్గడం మంచిదే, కానీ అది నెలల పని. ఈలోపు కంటిని చూసేవాళ్లు ఉండాలి. బరువు తగ్గుతున్నాం కదా అని ఫీల్డ్ టెస్ట్ మానేయడం కుదరదు. తగ్గిన బరువు తిరిగొస్తే జబ్బు కూడా తిరిగి రావొచ్చు.

సూదితో ద్రవం తీస్తే సరిపోదా అని అడుగుతారు. ద్రవం గంటకి 20 మిల్లీలీటర్ల పైనే తయారవుతుందని మొదట్లో లెక్క చూశాం. తీసింది కొన్ని గంటల్లో నిండిపోతుంది. రోగ నిర్ధారణకి అది తప్పనిసరి, ఏళ్ల తరబడి కాపాడే మార్గం కాదు. చూపు వేగంగా పడిపోతుంటే ద్రవాన్ని పొట్టలోకి మళ్లించే షంట్, లేదా నరం పొర ఆపరేషన్ చేస్తారు. అలాంటప్పుడు రోజులు కూడా విలువైనవే, వచ్చే నెల అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండు. ఒకటి, తలనొప్పి, డిస్క్ ఉబ్బు ఉన్న ప్రతివాళ్లదీ ఐఐహెచ్ కాదు. మెదడు సిరల్లో గడ్డ కట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది, దాని చికిత్స వేరే. మన దేశంలో కాన్పు తర్వాత ఆడవాళ్లలో ఇది డాక్టర్లకి బాగా తెలిసిన ప్రమాదం. అందుకే ఎమ్మారైతో పాటు సిరల స్కాన్ కూడా రాస్తారు. ఖర్చు పెంచడానికి కాదు. బాలింత తలనొప్పిని "నిద్ర లేదు, గాలి తగిలింది" అని కొట్టిపారేయకండి. రెండు, మొటిమలకి వాడే మందులు. డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్ రకాలు, విటమిన్ ఏ నుంచి వచ్చిన ఐసోట్రెటినోయిన్, ఇవి కొందరిలో తల ప్రెషర్ పెంచగలవు. మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగేవాళ్లు మన హాస్టళ్లలో ఎంతమందో. వాడుతుండగా కొత్తగా తలనొప్పి, చూపు మసక మొదలైతే రాసిన డాక్టర్‌కి ఆ రోజే చెప్పండి.

ఇక ముగిస్తాను. సీరస్ మెనింజైటిస్ అని జబ్బుని గుర్తించారు. సూడోట్యూమర్ అని గడ్డ నుంచి వేరు చేశారు. బినైన్ అని పక్కన పెట్టేశారు. ఇడియోపతిక్ అని తిరిగి ఫైల్ తెరిచారు. ఈ నాలుగు పేర్ల మధ్య చూపుని కాపాడింది ఏ ఒక్క గొప్ప మందూ కాదు. గది తలుపు వెనక గుండు జరిపిన బియెర్రుమ్, గిన్నె చేసిన గోల్డ్‌మన్, 41 ఏళ్ల నాటి రోగిని మళ్లీ పిలిచి కూర్చోబెట్టిన కార్బెట్, వీళ్ల పని కాపాడింది. బాగానే ఉంది అని రోగికి అనిపించినప్పుడు కూడా కొలవడం, కొలిచింది దాచడం, పాతదాంతో పోల్చడం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే వాళ్లని "తలనొప్పి ఎలా ఉంది" అని అడగండి, తప్పకుండా అడగండి. ఆ తర్వాత "లాస్ట్ ఫీల్డ్ టెస్ట్ ఎప్పుడు చేయించావు" అని కూడా అడగండి. పరీక్ష నెలకోసారా, ఆరు నెలలకోసారా అన్నది ఉబ్బు గ్రేడ్, ఫీల్డ్ చూసి డాక్టర్ చెప్తారు. ఆ తారీఖు గుర్తుచేయడం మాత్రం మీ పని. మా ఇంట్లో ఆ పని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో మా అమ్మ చేస్తుంది, వచ్చే గురువారం చుట్టూ గీత ఉంది. నేను వెళ్లాలి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.